అప్‌డేట్: మూలకణాలు ష్వాన్ కణాల్లా మారకపోవడానికి కారణం దొరికింది

ఎలుక కొవ్వు నుంచి తీసిన మూలకణాలను నాడులకు ఊతమిచ్చే ష్వాన్ కణాల్లా మార్చబోతే, రెండు వారాలైనా చపాతీల్లా పరుచుకునే ఉన్నాయని, ష్వాన్ కణాలకు గుర్తుగా చూసే ఎస్100 ప్రోటీన్ రంగు పట్టడం లేదని గత నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

దోషం ఈ మార్పు కోసం కణాలకు ఇచ్చే రెటినోయిక్ ఆమ్లానిది. "సీసాకు రేకు చుట్టారా?" అని అడిగినవారిదే సరైన అనుమానం. అది వెలుతురుకు చెడిపోతుంది. నేనేమో పారదర్శకమైన గొట్టంలో ఉంచి, దీపం కిందే తీరిగ్గా కొలిచేవాడిని! కొత్తది తెచ్చి, రేకు చుట్టి, మసక వెలుతురులో కలిపాను. మిగతాదంతా పాత పద్ధతే: మెర్కాప్టోఇథనాల్ ఒక రోజు, ఈ ఆమ్లం మూడు రోజులు, ఆపైన ఫోర్‌స్కొలిన్‌తో పాటు హెరెగ్యులిన్, పీడీజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్ అనే పెరుగుదల కారకాలు రెండు వారాలు. పదో రోజుకు కణాలు సన్నగా సాగి, చేపపిల్లల గుంపులా ఒకే దిక్కుకు తిరిగాయి. పక్క పళ్లెంలో పాత సీసాదే వాడి చూశాను, మళ్లీ చపాతీలే.

సీరమ్ (కణాల పోషక ద్రవంలో కలిపేది) మార్చడం, పళ్లేనికి లామినిన్ అనే ప్రోటీన్ పూత వేయడం నా విషయంలో దండగ ఖర్చులు.

ఒక్క ఎస్100నే నమ్మవద్దన్న సలహా మాత్రం పనికొచ్చింది. జీఎఫ్ఏపీ, పీ75 అనే మరో రెండు గుర్తు ప్రోటీన్లు కూడా చూశాను, రెండూ కనిపించాయి. పెరుగుదల కారకాలు ఆపేస్తే కొద్ది రోజుల్లోనే కణాలు పాత రూపానికి జారిపోతున్నాయి. దాని గురించి విడిగా అడుగుతాను.