నవలలోని రోకటి పాట కాకతీయుల నాటిదేనా?

పాతపుస్తకం:
ఆదివారం అబిడ్స్ కాలిబాట మీద కొన్న ఒక చారిత్రక నవలకు అట్టా లేదు, మొదటి పుటలూ లేవు. అందువల్ల పేరూ రచయితా తెలియలేదు. కథ గణపతిదేవుని కాలపు ఓరుగల్లులో నడుస్తుంది. అందులో ఒక పెళ్లింట ముత్తైదువులు రోలు చుట్టూ చేరి, మిరపకాయలు దంచుతున్నామంటూ, ప్రతి పాదం చివరా ‘తుమ్మెదా’ అని అందుకుంటూ పాడతారు. రచయిత ఇది తరతరాల పాట అన్నారు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలను పేర్కొన్నాడు కనుక, ఈ పాట ఆ కాలానిదేనని నా నమ్మకం. మీరేమంటారు?

తార్నాక విద్యార్థి:
నేను ఒప్పుకోలేను. ఓరుగల్లు పతనమైంది 1323లో. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. మిరపకాయ మన వంటింటికి వచ్చింది ఆ పోర్చుగీసు ఓడల దారి తెరుచుకున్న తరువాతనే. అంతకు ముందు కారమంటే మిరియాలే. గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల నడుమ మిరియాలు కనిపిస్తాయి. సోమనాథుడు పదాల పేర్లు చెప్పాడే గాని ఈ పాటను ఎత్తి రాయలేదు. ‘తుమ్మెదా’ అన్న మకుటంతో ఈనాడు కూడా పాట కట్టవచ్చు. రచయితే అల్లి, పాతదని చెప్పి ఉంటారు.

ఛందోభిమాని:
విద్యార్థి గారూ, తేదీలు సరే, కాని పెళ్లింట ముత్తైదువులు మిరపకాయలు దంచడమేమిటి? రోకళ్లకు పసుపు గుడ్డ కట్టి, తమలపాకులు చుట్టి దంచేది పసుపుకొమ్ములు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టండి: ‘మిరపకాయలు’ మూడూ నాలుగూ కలిసి ఏడు మాత్రలు, ‘పసుపుకొమ్ములు’ కూడా సరిగ్గా అంతే, అదే విరుపు. రోకటి పోటు తప్పకుండా ఒకటి లేచి వెళ్లిపోతే ఇంకొకటి ఆ పీట మీదే కూర్చుంటుంది. కారం దంచే రోజున ఎవరో మార్చి పాడిన పాఠమే రచయిత చెవిన పడిందని నాకు తోస్తోంది. సిద్దిపేట వైపు ఉండే మా పెద్దమ్మ ఇదే నడకలో పసుపు పాట పాడుతుంది.

తార్నాక విద్యార్థి:
ఆ పెళ్లి సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. అయితే దానితో పాట రచయిత అల్లినది కాకపోవచ్చునని తేలుతుంది, అంతవరకే. ఏడు మాత్రల మాట ఏదైనా ఆ చోట ఇమిడేటప్పుడు, పాటలోని మాటలను బట్టి దాని వయసును మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’లో స్త్రీల పాటల భాగాన్ని సుల్తాన్ బజార్ భాషా నిలయంలో కూర్చుని వెతుకుతాను. మీ పెద్దమ్మ గారి పాఠం పూర్తిగా దొరికితే పోల్చి చూడవచ్చు.

పాతపుస్తకం:
కాకతీయుల నాటిదన్న నా మాటను ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాను. నవలలో ఉన్న నాలుగు పాదాలనూ రేపు ఇక్కడ టైపు చేసి పెడతాను.

ఛందోభిమాని:
వచ్చే వారం ఊరికి వెళ్లి రికార్డు చేసి తెస్తాను. ఫోనులో పాడమంటే రెండు పాదాల తరువాత ఆగిపోయింది. రోకలి చేతిలో ఉంటే తప్ప తక్కినవి గుర్తుకు రావట.