భయపడే పామ్ (పొమరేనియన్) కుక్కపిల్లకు బోను అలవాటు చేయడం ఎలా? ఇల్లంతా పోసేస్తోంది

తాతయ్యగుంట కోడలు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, తాతయ్యగుంట దగ్గర అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. నాలుగు వారాల కిందట పామ్ పిల్లను తెచ్చుకున్నాం. ఆడది, తెల్లగా ఉందని దూది అని పేరు పెట్టాం. నలభై ఐదు రోజుల పిల్ల అని ఇచ్చారు కాబట్టి ఇప్పుడు రెండున్నర నెలలు, బరువు కిలోన్నర ఉంటుందేమో. మొదటి టీకా అయింది, రెండోది వచ్చే వారం.

ఇది పిరికిది. మామూలు పిరికిది కాదు. కుక్కర్ విజిల్ వస్తే సోఫా కిందకి దూరుతుంది, లిఫ్ట్ తలుపు చప్పుడైతే వణుకుతుంది, మా మామయ్య బయటి నుంచి వచ్చి "ఏమే దూదీ" అని వంగితే చాలు, అక్కడే వెల్లకిలా పడి పోసేస్తుంది. మామూలుగా పోసేది వేరే లెక్క. రోజుకు పదిసార్లయినా హాల్లోనో మంచం పక్కనో, నిన్న రెండుసార్లు పూజ గది గడప దగ్గర. మా అత్తయ్య ఏమన్నదో నేను చెప్పక్కర్లేదు కదా. ఫినాయిల్ వేసి తుడుస్తూనే ఉన్నా, మళ్లీ అదే చోటికి పోతుంది.

ఆఫీసులో ఒకరు చెప్పారని ఇనప కమ్మీల క్రేట్ తెప్పించాం, పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పెద్ద సైజే తీసుకున్నాం. హాల్లో చోటు లేక బాల్కనీలో పెట్టాం. రాత్రి లోపల పెట్టి తలుపేస్తే గంటన్నర అరిచింది, కింద ఫ్లాట్ వాళ్లు ఫోన్ చేశారు. తెల్లారి చూస్తే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుని ఉంది. "అలిపిరి దారిలో చిరుతకు పెట్టినట్టు పసిదానికి బోను పెడతారా" అని అత్తయ్య ఒకటే గొణుగుడు. మా ఆయనకేమో, పోసిన చోట ముక్కు రుద్దితే మానుతుందని ఎవరో చెప్పారట, రెండుసార్లు చేశాడు, ఇప్పుడు ఆయన చెప్పుల చప్పుడు వింటేనే సోఫా కిందకి.

ఇద్దరం తొమ్మిదికి పోతే ఆరుకు వస్తాం, పగలు అత్తయ్య, మామయ్య ఇంట్లోనే ఉంటారు. బోను పెట్టడం నిజంగా పాపమేనా? పెడితే ఎట్లా అలవాటు చేయాలి? పైగా మే నెలలో గంగజాతర, మా వీధంతా డప్పులే. అప్పటికి దీని గతేంటని ఇప్పటి నుంచే టెన్షన్.

కొర్లగుంట కుర్రోడు:

ఇంత ఆలోచన ఎందుకు సిస్టర్. మా ఊర్లో నా చిన్నప్పటి నుంచి ఎన్ని కుక్కలు పెరిగాయో, బోనూ లేదు గీనూ లేదు. పోసినప్పుడు పేపర్ చుట్టి ఒకటి ఇవ్వండి, వారంలో దారికొస్తుంది. గారాబం ఎక్కువైంది దానికి, అంతే.

గ్రీమ్స్‌పేట అక్క:

తమ్ముడూ, మీ ఊర్లో వాకిలి ఉంది, చేను ఉంది, అవి ఎక్కడ పోశాయో చూసినవాడెవడు? రెండో అంతస్తులో ఉన్న కిలోన్నర పిల్లను కొడితే అది నేర్చుకునేది ఒక్కటే, మనుషుల ఎదురుగా పోయకూడదని. ఆ తర్వాత మంచం కింద పోస్తుంది, మనం బాల్కనీకి తీసుకుపోయి అరగంట నిలబడినా మన ముందు మాత్రం పోయదు. ముక్కు రుద్దినా అంతే చెల్లీ, మీ ఆయనకు చెప్పు, దానికి అర్థమైంది "ఈయన ప్రమాదం" అని మాత్రమే.

నువ్వు మూడు సంగతుల్ని ఒకే మూటలో కట్టేశావు. మీ మామయ్యను చూసి పోసేది అలవాటు లేక కాదు, భయంతో, "నన్నేమీ చేయొద్దు" అని చెప్పడం అది. దానికి శిక్ష వేస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఆయన్ను లోపలికి రాగానే దాని వైపు చూడకుండా పోయి కూర్చోమను. అదే దగ్గరికి వచ్చి వాసన చూస్తుంది, అప్పుడు కూడా పైనుంచి తల మీద చెయ్యి వేయకుండా కింద నుంచి గడ్డం దగ్గర తాకమను. చాలా పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ ఇది తగ్గిపోతుంది.

రెండోది బోను. పాపమేమీ కాదు, కానీ నువ్వు పెట్టిన తీరు తప్పు. (నేనూ అదే తప్పు చేశాను. మా మొదటి కుక్కను తెచ్చిన రోజే లోపలికి తోసి తలుపేశాను, కమ్మీలు గీకి గీకి గోరు విరగ్గొట్టుకుంది, ఆ తర్వాత ఆరు నెలలు ఆ బోను ఉన్న గదిలోకే రాలేదు.) ముందు దాన్ని బాల్కనీ నుంచి లోపలికి తెచ్చెయ్. మన ఎండలకు ఇనప బోను బాల్కనీలో పెడితే పెనమే. రాత్రిపూట మీ మంచం పక్కన పెట్టు, చెయ్యి కిందకి వేస్తే దానికి తగిలేంత దగ్గర. తల్లినీ తోడు పిల్లల్నీ వదిలి వచ్చింది కదా, మనిషి వాసన వస్తుంటే సగం ఏడుపు అక్కడే ఆగుతుంది. బోను లోపల అది నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చోటుంటే చాలు. ఎక్కువైతే నువ్వు చూసినట్టే ఒక మూల దొడ్డి, ఒక మూల పడక. క్రేట్‌తో పాటు మధ్యలో పెట్టే అడ్డు ఒకటి వచ్చి ఉంటుంది, అట్టపెట్టెలో వెతుకు, చాలామంది దాన్ని పెట్టెతో పాటే పారేస్తారు. మీ అత్తయ్య పాత నేత చీర ఒకటి లోపల పరిచి, పైన మూడు వైపులా పలచటి గుడ్డ కప్పు, గాలి ఆడాలి.

తలుపు సంగతి వారం దాకా మర్చిపో. ఊరికే కొట్టుకుని చప్పుడు చేయకుండా తాడుతో వెనక్కి కట్టేసెయ్. రాత్రి కూడా తెరిచే ఉంచి, అది పక్కగది దాకా పోకుండా మీ గది తలుపేసుకోండి. అన్నం గిన్నె మొదటి రోజు గడప దగ్గర, మర్నాడు కాస్త లోపల, ఆ తర్వాత చివరన. అది తనంతట తాను పోయి లోపల పడుకున్నదాకా ఆగు. అప్పుడు తింటున్నప్పుడు తలుపు వెయ్యి, తినడం అయ్యేలోపే తియ్యి. అది పట్టించుకోకపోతే పది లెక్కపెట్టి తియ్యి, తర్వాత నిమిషం, తర్వాత నువ్వు వంటింట్లోకి పోయి రా, తర్వాత మెట్ల దాకా. ఒక రోజు ఎక్కువై ఏడిస్తే మర్నాడు వెనక్కి రా, పరువేం పోదు.

ఏడుపులో తేడా తెలుసుకోవాలి. కుంయ్ కుంయ్ మని ఆగి ఆగి అంటే కాసేపు చూడొచ్చు. చొంగ కారుస్తూ కమ్మీలు కొరుకుతూ ఒగరుస్తుంటే అది మొండితనం కాదు, వెంటనే తీసెయ్. "అరిచినప్పుడు తీస్తే అలవాటవుతుంది" అని గంటన్నర వదిలేసే సలహా ఇలాంటి పిరికి పిల్లకు విషం. రాత్రి హఠాత్తుగా లేచి అరిస్తే చాలాసార్లు ఒంటికే, లైటు వేయకుండా మాట్లాడకుండా తీసుకుపోయి పోయించి మళ్లీ పడుకోబెట్టు.

మూడోది రేపు రాస్తాను, మనవడు ఫోన్ లాక్కుంటున్నాడు.

వెటర్నరీ ఫైనలియర్:

అక్క రాసిందాంట్లో తీసేసేది ఏమీ లేదు. నేను ఆరోగ్యం వైపు చెప్తాను.

పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. మీ దూదికి మూడున్నర వస్తుంది కానీ అది గరిష్ఠం, చిన్న జాతుల మూత్రాశయం ఇంకా చిన్నది, పగలు మెలకువగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి తీసుకుపోవాల్సిందే. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట మధ్యలో ఆగి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినప్పుడు, ఈ మూడూ తప్పకూడదు. కాబట్టి తొమ్మిది నుంచి ఆరు వరకు బోనులో పెట్టడం అనే మాటే వద్దు.

కిందకి తీసుకుపోయి రోడ్డు పక్కన వదలొద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, వీధికుక్కలు తిరిగే చోట ఇంకా ప్రమాదం. టీకాలు మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల వయసు దాకా పడాలి, రేబీస్ మూడు నెలలు నిండాక. అప్పటిదాకా ఎత్తుకుని వీధి చూపించండి, ఆటో చప్పుడు, బడి పిల్లల కేకలు, అన్నీ చంకలో నుంచి చూడనివ్వండి. పిరికితనం తగ్గడానికి ఈ వయసే కీలకం, టీకాలన్నీ అయ్యాక చూద్దామని ఇంట్లోనే మూసిపెడితే ఆ సమయం దాటిపోతుంది.

ఫినాయిల్ ఆపండి. దాని వాసన మనకు శుభ్రం అనిపిస్తుంది కానీ ఉచ్చ వాసన దాని కింద అలాగే ఉంటుంది, కుక్క ముక్కుకు దొరికిపోతుంది, పైగా ఆ తడి అంటిన పాదాలను అది నాకుతుంది. పెంపుడు జంతువుల మందుల షాపులో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది మంచిది. లేదంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి, టైల్స్ అయితేనే సుమా, మార్బుల్ మీద వేస్తే మచ్చ పడుతుంది.

రోజుకు పదిసార్లు ఈ వయసులో వింతేమీ కాదు. కానీ చుక్కచుక్కగా పోస్తున్నా, పోసేటప్పుడు ఏడ్చినా, ఎర్రగా ఉన్నా, అదే పనిగా నాక్కుంటున్నా అది శిక్షణ సమస్య కాదు, ఇన్ఫెక్షన్ కావచ్చు, చూపించండి. మన ఊర్లో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ ఆవులకే చూస్తారనుకుంటారు చాలామంది, కుక్కలకూ చూస్తారు.

ఇంకో మాట, భోజనం రోజుకు నాలుగుసార్లు, ఒకే వేళలకు. ఇంత చిన్న పిల్ల ఎక్కువసేపు తినకపోతే చక్కెర పడిపోయి తూలుతుంది, "పోస్తుందని" నీళ్లు, తిండి తగ్గించే పని మాత్రం చేయొద్దు. మెచ్చుకోలుకు ఏం పెడుతున్నారు?

తాతయ్యగుంట కోడలు:

ఇద్దరికీ చాలా థాంక్స్. అడ్డు నిజంగానే అట్టపెట్టెలో దొరికింది అక్కా, చెత్తకు వేయబోతున్నాం.

మెచ్చుకోలు అంటే, ఇంట్లో నాన్‌వెజ్ లేదు. అత్తయ్య మాత్రం ఎవరో కొండ నుంచి తెచ్చిన లడ్డులో చిటికెడు నలిపి పెడుతోంది, ప్రసాదం కదా అని. దానికీ చాలా ఇష్టం.

వెటర్నరీ ఫైనలియర్:

అయ్యో, లడ్డు ఆపేయండి అక్కా. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేం, కిలోన్నర పిల్లకు అసలు రిస్క్ వద్దు. ఇప్పటికి పెట్టిన ముక్కల్లో ద్రాక్ష ఉందేమో అడగండి, ఉంటే ఈరోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. వాంతులు, నీరసం దాకా ఆగొద్దు. చాక్లెట్, ఉల్లిపాయ కూడా వద్దు. ఉడికిన క్యారెట్ ముక్క, పనీర్ శనగగింజంత చాలు.

గ్రీమ్స్‌పేట అక్క:

మూడోది, ఒంటికి పోయించడం. బాల్కనీలో ఒక మూల అంచున్న ప్లాస్టిక్ ట్రే పెట్టి, అది పోసిన పేపర్ ముక్క ఒకటి అందులో వెయ్యి, వాసన పట్టి వస్తుంది. చోటు మార్చొద్దు. పోస్తున్నప్పుడు ఒకే మాట అను, మాకు "ఒంటికి" అంటే ఇప్పుడు వానలో కూడా పోస్తుంది. అయిపోయిన వెంటనే అక్కడే క్యారెట్ ముక్క ఇవ్వాలి, హాల్లోకి వచ్చాక ఇస్తే హాల్లోకి వచ్చినందుకు ఇచ్చావనుకుంటుంది. ఇంట్లో తిరిగేటప్పుడు పలచటి తాడు ఒకటి దాని మెడపట్టీకి తగిలించి రెండో కొస నీ నడుముకు కట్టుకో, కళ్ల ముందే ఉంటుంది. తప్పు చోట పోస్తే అది నీ లెక్క తప్పు, దానిది కాదు, నోరెత్తకుండా తుడువు.

అసలు పని మీ అత్తయ్యది చెల్లీ. పగలంతా చూసేది ఆమె. ఆమెకు అది బోనుగా కనిపించినంతకాలం ఏమీ జరగదు. "దూది గది" అను, చీర ఆమెదే కదా.

ఎం.ఆర్. పల్లి:

బోను తప్పనిసరేమీ కాదండి. మా షిట్జూ కుక్క ఎంత చేసినా ఒప్పుకోలేదు, వంటింటి గుమ్మానికి పసిపిల్లలకు పెట్టే అడ్డుగేటు బిగించి లోపల పడక, ట్రే పెట్టాం, నాలుగు నెలల్లో కుదిరింది. కాకపోతే వైర్లు కొరికేస్తాయి చూసుకోండి.

గ్రీమ్స్‌పేట అక్క:

అదీ నిజమే, మూసిన చోటే వద్దనే కుక్కలు ఉంటాయి. అయినా బోను తలుపు తీసి ఒక మూల ఉంచితే నష్టం లేదు, ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చినా కారులో ఊరికి పోయినా అలవాటు పనికొస్తుంది.

తాతయ్యగుంట కోడలు:

మూడు వారాలైంది, చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా. లడ్డు విషయం ఆ రోజే డాక్టర్‌కు చూపించాం, ఏమీ కాలేదు. అత్తయ్య మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, తన వల్లే అయ్యేదని.

బోనులోకి ఎనిమిదో రోజు తనంతట పోయింది, మధ్యాహ్నం, ఎవరూ పిలవకుండా. అత్తయ్య నాకు ఆఫీసుకు ఫోన్ చేసి మరీ గుసగుసగా చెప్పింది, మాట్లాడితే లేస్తుందని. ఇప్పుడు తలుపేసి నలభై నిమిషాల దాకా ఉంటుంది, రాత్రి ఒకసారే లేస్తుంది. ట్రేలో పోసేది పదికి ఏడుసార్లు అనుకోండి. ఆ మిగతా మూడు ఇంకా మంచం పక్కనే, పూజ గది వైపు మాత్రం పోవడం లేదు. మామయ్య ఇప్పుడు వచ్చి పేపర్ పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటాడు, అదే వెళ్లి ఆయన కాలి మీద ఎక్కుతోంది. మా ఆయన దగ్గరికే ఇంకా పూర్తిగా రాలేదు, రోజూ ఆయన చేత్తోనే తినిపిస్తున్నాం.

జాతర దగ్గరికొచ్చింది. డప్పుల రికార్డింగ్ ఫోన్‌లో చాలా చిన్నగా పెట్టి అన్నం తినిపిస్తున్నా, రోజూ ఒక్కో గీత పెంచుతున్నా, ఇప్పటికి సగం దాకా ఓర్చుకుంటోంది. కానీ వేషాలు వేసుకున్నవాళ్లు ఇంటి ముందుకే వస్తారు, ఒళ్లంతా నామం పూసుకుని ఒకరు, కుంకుమ పూసుకుని ఒకరు. దానికి ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

గ్రీమ్స్‌పేట అక్క:

ఆ వారం వెనక గదిలోకి మార్చు బోనును, కిటికీలు మూసి ఫ్యాన్ వేసి, బోను తలుపు మాత్రం తీసే ఉంచు. వాకిట్లోకి తీసుకుపోయి "చూడు చూడు" అని చూపించొద్దు. వేషాల దండం మీరు పెట్టుకోండి, దూది తరఫున కూడా.