ఫన్‌స్కూల్ జి.ఐ. జో బొమ్మలు: బాగుచేయించాలా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలా?

ప్రశ్న: అటకమీదిపెట్టె (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ ఆడుకున్న, ఫన్‌స్కూల్ కంపెనీ వారి జి.ఐ. జో సైనికుల బొమ్మలు డజను దాకా ఇటీవల ఒక రేకు పెట్టెలో బయటపడ్డాయి. సగం బొమ్మలకు నడుము దగ్గర పట్టు వదిలిపోయి కాళ్లు ఒకచోట, మొండెం ఒకచోట పడి ఉన్నాయి. ఒకదానికి కుడిచేతి బొటనవేలు విరిగింది, మరికొన్నింటికి కనుబొమల మీద, బెల్టుల మీద రంగు లేచిపోయింది. నడుము వెనక అమెరికా బొమ్మల కంపెనీ హాస్బ్రో పేరూ 1980ల నాటి సంవత్సరమూ అచ్చులో కనిపిస్తున్నందువల్ల ఇవి అమెరికాలోనే తయారయ్యాయని ఒక పాత వస్తువుల వ్యాపారి అన్నారు. అది నిజమేనా? వీటిని మళ్లీ నిలబెట్టే మార్గం ఏమిటి? రంగు పోయినచోట కొత్త రంగు వేయవచ్చా? ఇంకొక సంగతి కూడా ఉంది. వీటిని అంటించి అమ్మిన బొమ్మల అట్టలు ఒక్కటీ మిగలలేదు కనుక, చక్కగా చిత్రాలు గీసే మా అన్నయ్య కూతురు ఒక్కో బొమ్మకూ కొత్తగా అట్ట చిత్రం వేస్తానంటోంది. అది సబబేనా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: రబ్బరురింగు

నడుము సంగతి గురించి దిగులు పడనక్కరలేదు. 1982లో హాస్బ్రో ఈ బొమ్మలను మూడు ముప్పావు అంగుళాల కొలతకు మార్చినప్పుడు నడుము, తొడలు అన్ని వైపులా కదలడానికి లోపల ఒక చిన్న రబ్బరు రింగును అమర్చింది. ప్లాస్టిక్ ఎంత గట్టిదైనా, మన ఎండలకు పది పదిహేనేళ్లలోనే ఈ రబ్బరు ఎండి, బిగుసుకుపోయి, ముట్టుకుంటే తెగిపోతుంది. మీ బొమ్మలకు జరిగింది అదే, బొమ్మ మాత్రం చెడలేదు.

వీపు మీద ఉన్న చిన్న స్క్రూను సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో విప్పితే మొండెం ముందు చిప్ప, వెనక చిప్పగా విడిపోతుంది. కాళ్లను కలిపే లోహపు కొక్కేనికి కొత్త రింగు తగిలించి, దాన్ని నడుము ముక్కలోంచి పైకి లాగి, స్క్రూ దూరే గుబ్బకు చుట్టి, తలనూ చేతులనూ వాటి గుంటల్లో కూర్చోబెట్టి చిప్పలు మూయాలి. కుళాయి సామాన్లు అమ్మే దుకాణాల్లో ఇలాంటి రింగులు దొరుకుతాయి కాబట్టి, తెగిన పాత రింగు ముక్కను వెంట తీసుకువెళ్లి మందం పోల్చుకోండి. రింగు మరీ మందంగా గానీ బిగుతుగా గానీ ఉంటే తొడల మధ్య ఉండే సన్నటి ముక్క పగులుతుంది, దాన్ని అతికించడం మాత్రం నిజంగా కష్టం. స్క్రూను కూడా చిప్పలు కలిసేదాకా తిప్పితే చాలు, ఆపైన ఒక్క చుట్టు ఎక్కువైనా లోపలి గాడి అరిగిపోతుంది.

సమాధానం 2: అచ్చులవేట (హైదరాబాదు)

ఆ వ్యాపారి మాటను పట్టించుకోకండి. వెనక ఉన్న సంవత్సరం అచ్చు మీద హక్కు నమోదైన ఏడాదిని చెబుతుంది తప్ప మీ చేతిలోని బొమ్మ పుట్టిన ఏడాదిని కాదు. పైగా అమెరికా దుకాణాల్లో అమ్మిన ఆనాటి జో బొమ్మలే ఎక్కువగా హాంకాంగులోనూ చైనాలోనూ తయారయ్యేవి. టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రోల భాగస్వామ్యంతో 1987లో మొదలైన ఫన్‌స్కూల్ ఇక్కడ తయారుచేసిన బొమ్మల మీద పాత సంవత్సరాలు కనిపించడానికి కారణం అదే. అచ్చులు దేశాలు తిరిగేవి. బ్రెజిల్‌లో ఎస్త్రెలా, అర్జెంటీనాలో ప్లాస్తిరామా అనే కంపెనీలు కూడా ఇదే వరసలోని బొమ్మలను తమ పేర్లతో, తమ రంగులతో అమ్మాయి. అమెరికాలో ఆకుపచ్చ దుస్తుల్లో కనిపించే సైనికుడు మరో దేశంలో ఎవరూ ఊహించని రంగులో ప్రత్యక్షం కావడమే సేకర్తలను ఈ పిచ్చిలోకి లాగుతుంది. అమెరికా సేకర్తలు ఫన్‌స్కూల్ బొమ్మలను వెతుక్కుని తెప్పించుకుంటారంటే, అసలుదానికి నకలని తెలియక కాదు, ఆ రంగులు మరెక్కడా దొరకవని తెలిసే.

అందువల్ల దయచేసి రంగు జోలికి వెళ్లకండి. కనుబొమ్మ మీద లేచిపోయిన రంగు కూడా ఆ బొమ్మ చరిత్రే. మీరు వేసే కొత్త రంగు ఎంత దగ్గరగా ఉన్నా, అసలు రంగు ఏదో తర్వాతివారు తేల్చుకోలేని పరిస్థితి వస్తుంది. రబ్బరు రింగు మార్చడం వేరు, ఎందుకంటే అది లోపల ఉంటుంది, ఎప్పుడైనా తీసేయవచ్చు. పసుపెక్కిన తెల్ల భాగాలను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి ఎండలో పెట్టమని చాలామంది సలహా ఇస్తారు, కానీ తెలుపు తిరిగి వచ్చినా కొంతకాలానికి మళ్లీ పసుపెక్కే అవకాశం ఉంది, ఈలోగా చుట్టుపక్కల వేసిన రంగు ఊడిపోవచ్చు. గోరువెచ్చని నీళ్లలో ఒక బొట్టు సబ్బు వేసి మెత్తని బ్రష్షుతో తుడిస్తే సరిపోతుంది. స్క్రూ తుప్పు పట్టకుండా తడి పూర్తిగా ఆరనివ్వండి.

సమాధానం 3: గీతలరాణి (బెంగళూరు)

రంగుల విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తున్నాను. రంగు వేయాలన్న కోరికకు కాగితం ఉండనే ఉంది. మీ అన్నయ్య కూతురిని తప్పకుండా గీయనివ్వండి. అయితే ముందుగా ఆ అట్టల మీది అసలు చిత్రాలను శ్రద్ధగా చూడమనండి. 1980లలో వాటిలో చాలాభాగం అర్జెంటీనాలో పుట్టిన హెక్టర్ గారిడో వేసినవి. ఆయన చిత్రాల్లో మనిషి ఎప్పుడూ ఊరికే నిలబడడు: ఒక మోకాలు వంచి, ఒక భుజం ముందుకు తెచ్చి, అట్టలోంచి దూకబోతున్నట్టుంటాడు, వెనక నేపథ్యమంతా ఎర్రటి, నారింజ రంగు పేలుడు. చేతిలోని బొమ్మకు అంత వేగం ఉండదని పిల్లలకూ తెలుసు, అయినా ఆడేటప్పుడు కళ్లముందు మెదిలేది ఆ చిత్రమే. నా దృష్టిలో ఈ బొమ్మల సగం బలం అట్టలోనే ఉంది. అట్ట వెనక ఉండే వివరాల చీటీలను జి.ఐ. జో కామిక్స్ రచయిత లారీ హామా రాశారు, పాత్ర పుట్టిన ఊరు, అసలు పేరు, స్వభావం అన్నీ అందులో ఉండేవి. వాటిని కత్తిరించి దాచుకోమని చుక్కల గీతలు కూడా వేశారు. పూర్తి అట్టలు నేడు అరుదు కావడానికి అదొక కారణం.

మొదట స్నేక్ ఐస్ అనే ముసుగు సైనికుణ్ణి గీయమనండి. 1982లో ఖర్చు తగ్గించడానికి ఒక బొమ్మకు అసలు రంగే వేయకుండా నల్ల ప్లాస్టిక్‌తో వదిలేయగా పుట్టిన పాత్ర అది. ముఖమే కనిపించదు గనుక భావమంతా భంగిమలోనే చూపాలి. ఒంటి మీద వెలుగు పడే అంచులను మాత్రమే గీసి మిగతాది నల్లగా వదిలేయడం మంచి అభ్యాసం.

ఒక్క జాగ్రత్త చెబుతాను. సొంత సంతోషానికి గీసుకుని ఇంట్లో పెట్టుకోవడం వేరు, ఆ చిత్రాలను ముద్రించి అమ్మడం వేరు. పాత్రల మీద, పేర్ల మీద హక్కులు హాస్బ్రోవి. అచ్చం పాత అట్టలాగే తయారుచేస్తే వెనక "ఇది కొత్తగా గీసినది" అని పేరుతో, తేదీతో స్పష్టంగా రాయించండి. లేకపోతే రేపు ఎవరో దాన్ని అసలు అట్టగా చూపించి అమ్మేస్తారు.

ప్రశ్నించినవారి స్పందన: అటకమీదిపెట్టె

అందరికీ ధన్యవాదాలు. రబ్బరు రింగుతో ఒక బొమ్మ అప్పుడే నిలబడింది. రంగు వేయడం మానుకుంటున్నాను. బొటనవేలి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది లేకపోతే తుపాకీ చేతిలో నిలవడం లేదు.

సమాధానం 4: రబ్బరురింగు

ఈ వరస బొమ్మల్లో అన్నిటికన్నా ముందు విరిగేది బొటనవేలే. లావుపాటి పిడి ఉన్న ఆయుధాన్ని బలవంతంగా దూర్చడమే అందుకు కారణం. విరిగిన ముక్క దొరికినా జిగురు ఆ ఒత్తిడికి ఆగదు. పూర్తిగా పాడైన మరో బొమ్మ నుంచి అదే అచ్చు చెయ్యి దొరికితే మార్చుకోవచ్చు, కానీ రంగు తేడా తెలుస్తుంది, పైగా రెండు బొమ్మల గుర్తింపు కలిసిపోతుంది. నేనైతే తుపాకీని ఎడమచేతికి ఇస్తాను. మిగిలిన బొమ్మలకు ఆయుధం పట్టించే ముందు చేతిని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే వేళ్లు కాస్త మెత్తబడతాయి. విడిగా ఉన్న తుపాకులను మెత్తని పి.వి.సి. సంచుల్లో కాకుండా పాలీప్రొపిలీన్ డబ్బాల్లో దాచండి.