ఓరియన్ నెబ్యులా బూడిదరంగు మరకలా కనిపిస్తోంది, టెలిస్కోప్‌లో లోపమా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
నమస్కారం అండి. ఎనిమిదో తరగతి చదివే మా పాపకి పుట్టినరోజుకి 70 మి.మీ. టెలిస్కోప్ కొన్నాను. చంద్రుడు, గురుగ్రహం బాగానే కనిపించాయి. నిన్న రాత్రి డాబా మీద ఓరియన్ నెబ్యులా (నీహారిక, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) కోసం గంటసేపు తంటాలు పడ్డాం. చివరికి దొరికింది కానీ, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరి మరకలా ఉంది. పెట్టె మీద బొమ్మలో మాత్రం ఎరుపు, నీలం, ఊదా రంగులు. పాప ముఖం చిన్నబోయింది. "నక్షత్రాలు పుట్టే చోటు ఇదేనా నాన్నా?" అంది. లెన్స్‌లో లోపమైతే తిరిగి పంపించేస్తాను. గడువు ఇంకా వారం ఉంది.

జవాబు 1:
తిరిగి పంపకండి, దయచేసి. మీకు కనిపించింది నిజమైన నెబ్యులానే. మసక వెలుతురులో మన కంట్లో పనిచేసేవి దండ కణాలు, వాటికి రంగు తెలియదు. ఆ ఎరుపు హైడ్రోజన్ వాయువు ఇచ్చే వెలుతురు, దాన్ని అవి దాదాపు పట్టుకోలేవు. కెమెరా నిమిషాల తరబడి వెలుతురును కూడబెట్టుకుంటుంది కాబట్టి ఫొటోలో రంగు వస్తుంది.

ఇంకా బాగా కనిపించే ఉపాయాలు ఉన్నాయి. ముందు చంద్రుడు లేని రాత్రి చూసుకోండి. డాబా మీద లైట్లన్నీ ఆర్పి అరగంట చీకట్లో కూర్చోండి, ఈలోగా ఫోన్ ముట్టుకోవద్దు. ఒక్కసారి స్క్రీన్ చూశారంటే మళ్ళీ మొదటికే. టార్చి కావాలంటే దాని మీద ఎర్ర కాగితం కట్టండి. 25 మి.మీ. ఐపీస్‌తోనే (కన్ను ఆనించి చూసే లెన్స్) మొదలుపెట్టండి. కిట్‌లో వచ్చిన బార్లో లెన్స్ పక్కన పెట్టేయండి, దానితో బొమ్మ పెద్దదవుతుంది కానీ వెలుతురు పలచబడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఓరచూపు. నెబ్యులా వైపు నేరుగా చూడకుండా కాస్త పక్కకి చూస్తూ, మనసు మాత్రం దాని మీద పెట్టండి. దండ కణాలు చూపు మధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అలా నిమిషం ఓపిక పడితే ఆ మరక నెమ్మదిగా రెక్కలు విప్పిన పక్షిలా పరుచుకుంటుంది. నాకు మొదటిసారి అలా కనిపించిన రాత్రి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఇంకొక్కటి. చంద్రుణ్ణి చూశామన్నారు కదా, అప్పుడు ఐపీస్ అడుగున మూన్ ఫిల్టర్ బిగించారా? వెలుతురు తగ్గించే ఆకుపచ్చ గాజు బిళ్ల. అది ఉండిపోయిందేమో ఒకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో, ఉందండి! ఇప్పుడే విప్పాను. రాత్రికి మళ్ళీ ప్రయత్నిస్తాం. త్వరగా వెతకడానికి గుర్తేమైనా చెప్పగలరా?

జవాబు 2:
వరసగా మూడు నక్షత్రాలు కనిపిస్తాయి చూడండి, మా నాయనమ్మ గొల్లకావడి అని చూపించేది. ఆ మూడింటికి దక్షిణంగా కిందికి వేలాడుతున్నట్టు సన్నని గీత ఉంటుంది. దాని మధ్యలోని చుక్క కాస్త అలుక్కుపోయినట్టుంటుంది, అదే నెబ్యులా. జనవరి నెల మధ్యలో రాత్రి పదింటికి మన దగ్గర చాలా ఎత్తుకి వస్తుంది, ఊరి దుమ్ము అడ్డం రాదు.

పాప అడిగిన ప్రశ్నకి కూడా జవాబు చెప్పాలి. అది సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మీరు రాత్రి చూసిన వెలుతురు అక్కడ బయల్దేరినప్పుడు మీ ప్రాంతాన్ని వేంగి నుంచి తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. నెబ్యులా నడిమధ్యలో నాలుగు చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ట్రెపీజియం అంటారు. అక్కడే పుట్టిన పసి నక్షత్రాలవి. వాటిలో అన్నిటికన్నా కాంతివంతమైనది విరజిమ్మే అతినీలలోహిత కిరణాలే చుట్టూ ఉన్న వాయువును వెలిగిస్తున్నాయి. గెలీలియో 1617 ఫిబ్రవరి 4న అక్కడ మూడు నక్షత్రాలు చూసి బొమ్మ గీసుకున్నాడు. నాలుగోది దొరకలేదు, నెబ్యులా సంగతి కూడా రాయలేదు. పాపని లెక్కపెట్టమనండి.

మరో సభ్యురాలు:
నాదో సందేహం. అంత వేడిగా వెలిగే వాయువులో నక్షత్రం ఎలా పుడుతుంది? వేడెక్కితే వాయువు వ్యాకోచిస్తుందని కదా చదువుకున్నాం.

జవాబు 2:
చాలా మంచి ప్రశ్న అడిగారు. పుట్టేది ఆ వెలిగే భాగంలో కాదమ్మా. అక్కడ వేడి దాదాపు 10,000 డిగ్రీలు. దాని వెనక కంటికి కనిపించని పెద్ద చల్లటి మేఘం ఉంది, మనం చూసేది దాని మన వైపు అంచు మీద లేచిన పొక్కు లాంటిది. ఆ మేఘం లోపల దట్టమైన చోట్ల మైనస్ 250, 260 డిగ్రీల చలి ఉంటుంది. అంత చలిలో వాయువు పీడనం నీరసించి గురుత్వాకర్షణ చేతికి చిక్కుతుంది. ముద్ద కుంగడం మొదలవుతుంది, కుంగేకొద్దీ నడుమ వేడెక్కుతుంది. కోటి డిగ్రీలు దాటాక హైడ్రోజన్ కలిసిపోయి హీలియం అవడం మొదలవుతుంది. సూర్యుడి లాంటి నక్షత్రం ఆ స్థితికి కుదురుకోవడానికి కోట్ల ఏళ్ళు పడుతుంది.

ఇందులో ధూళి చేసే మేలు గురించి ఎవరూ చెప్పరు. బరువులో అది మొత్తం మేఘంలో నూటికి ఒక వంతే, పొగ రేణువులంత సన్నగా ఉంటుంది. కానీ బయటి నక్షత్రాల వెలుతురు లోపలికి పోకుండా గొడుగులా అడ్డుపడుతుంది, అందుకే లోపల చల్లగా ఉంటుంది. సాయంత్రం సూర్యుడు ఎర్రబడటం చూశారుగా, గాలిలో నీలం చెదిరిపోయి ఎరుపు మనదాకా వస్తుంది. ఎరుపు కన్నా పొడవైన పరారుణ తరంగాలు ఈ ధూళిలోంచి ఇంకా సులువుగా దాటుకుని వస్తాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ మేఘం లోపలి పసి నక్షత్రాలను చూడగలిగేది అందుకే. హబుల్ టెలిస్కోప్ అయితే 1990లలోనే అక్కడి పసి నక్షత్రాల చుట్టూ పళ్ళేల్లాంటి ధూళి చక్రాలను చూపించింది. గ్రహాలు పుట్టేది వాటిలోనే.

మరో సభ్యుడు:
నీహారిక అంటే గెలాక్సీ కాదా? ఆండ్రోమెడా నీహారిక అని చదివాను.

జవాబు 1:
అది పాత అలవాటండి. అప్పట్లో మసకగా కనిపించినదల్లా నెబ్యులానే. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ నక్షత్రాన్ని (క్రమం తప్పకుండా వెలుతురు పెరిగి తగ్గే రకం) గుర్తించి దూరం లెక్కకట్టాక, అది మన పాలపుంతకు అవతల ఉన్న మరో గెలాక్సీ అని తేలింది. పేరు మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి మళ్ళీ చూశామండి. అరగంట చీకట్లో కూర్చోవడం పాపకి కష్టమైంది కానీ కూర్చుంది. ఓరచూపు పనిచేసింది! "నాన్నా, రెక్క కనిపిస్తోంది" అని అరిచింది. మొదట మూడు చుక్కలే లెక్కపెట్టి నోట్‌బుక్‌లో గీసింది. 10 మి.మీ. ఐపీస్ పెట్టాక నాలుగోది దొరికింది, దాని చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టింది. టెలిస్కోప్ ఇక ఎక్కడికీ పోదు. ఇప్పుడు గుర్రం తల నెబ్యులా చూపించమంటోంది.

జవాబు 1:
చాలా సంతోషం అండి. గుర్రం తల మాత్రం 70 మి.మీ.లో రాదు, పెద్ద టెలిస్కోపుల్లోనే ఎంతో కష్టం. ఆ ఆశ పెట్టకండి. మే నెలలో చంద్రుడు లేని రోజు చూసుకుని తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య పాపని లేపండి. దక్షిణం వైపు ధనుస్సు రాశిలో లగూన్ నెబ్యులా ఉంటుంది, ఇదే టెలిస్కోప్‌తో దొరుకుతుంది. వానాకాలం దాకా ఆగితే మబ్బులు పట్టేస్తాయి.