ప్రింటర్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడటం ఉద్యోగమా, పైరవీయా?

ట్రంకురోడ్డు ప్రెస్సు, నెల్లూరు:
మాది నలుగురు పనివాళ్లున్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, రొట్టెల పండుగ రోజుల్లో పోస్టర్లు. మా అక్క కూతురు లా చదివింది. ఢిల్లీలో ఒక ప్రింటర్ల సంఘం ఆమెను ఉద్యోగానికి రమ్మంటోంది. పన్నుల మీద, చట్టాల మీద వచ్చే ముసాయిదాలు చదవాలి, వాటివల్ల ప్రెస్సులకు ఎంత దెబ్బో లెక్కగట్టాలి, వినతిపత్రం రాసి అధికారుల ముందు వాదించాలి. బావగారు మాత్రం ‘ఇంత చదివించింది పైరవీలకా?’ అని పట్టిన పట్టు వదలడం లేదు. నేను వెళ్లమంటున్నాను. మీరేమంటారు?

కర్నూలురోడ్డు డిజిటల్, ఒంగోలు:
మీ బావగారిదే నా మాట. మా ఆఫ్‌సెట్ పక్కనే ఫ్లెక్సీ మిషను పెట్టాను. 2022 ఆగస్టులో రాష్ట్రంలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించేనాటికి దాని అప్పు సగం కూడా తీరలేదు. నవంబరు 1 నుంచి అమలు అన్నారు. కనిపించిన నాయకుడి గుమ్మమల్లా ఎక్కాం. గడువు 2023 జనవరి 26కి జరిగింది. అప్పుడు సంఘం మనిషి ఒక్కరూ మా షాపు మెట్లెక్కలేదు. చందా రసీదు పట్టుకుని మాత్రం ఏటా వస్తారు.

పద్దుల మనిషి, కావలి:
అన్నయ్యా, గుమ్మాలన్నీ ఎక్కితే దొరికింది మూడు నెలలు కూడా నిండని గడువు. ఉత్తర్వు రాయకముందే మిషన్ల మీద అప్పులెంత, ఫ్లెక్సీ బదులు గుడ్డ మీద అచ్చు వేయాలంటే ఏం మార్చాలి అని ఎవరైనా కాగితం పెట్టి ఉంటే? ఆ అమ్మాయి పని అదే.

ప్రెస్సుల పద్దులు రాసేవాడిని కాబట్టి జీఎస్టీ సంగతి చెబుతాను. 2017 జులై 1న వచ్చింది. కస్టమరు ఇచ్చిన విషయాన్ని మన కాగితం మీద అచ్చువేసి ఇస్తే అది సరుకా, సేవా? కరపత్రమైతే సేవ, అచ్చువేసిన పెట్టె అయితే సరుకు అని కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది అక్టోబరు 20న. అప్పటిదాకా పక్కపక్క షాపులు ఒకే పనికి వేరువేరు బిల్లులు కొట్టాయి. రెండూ నా చేతిరాతే.

2025 సెప్టెంబరు 22న మళ్లీ రేట్లు మారాయి. నోటుపుస్తకాల కాగితానికి పన్ను లేదు. అదే కాగితం అచ్చు పుస్తకానికి వాడితే 12 శాతం కాస్తా 18 అయింది. పుస్తకం మీద పన్ను లేదు కనుక కాగితం మీద కట్టింది వెనక్కి రాదు, ధరలో కలుస్తుంది. అట్టపెట్టె మీద 5 శాతం, దాని కాగితం మీద 18. రొయ్యల ఎగుమతికి పెట్టెలు చేసేవాళ్లను అడగండి: తేడా రీఫండుగా రావచ్చు, వచ్చేదాకా పెట్టుబడి ఇరుక్కుపోతుంది. ఇది నాయకుడి గుమ్మం ముందు తేలే విషయమా?

కర్నూలురోడ్డు డిజిటల్, ఒంగోలు:
లెక్క బాగుంది. ఆమెకు జీతం ఇచ్చేది ఎవరు? చందా ఎక్కువ కట్టేవాళ్లు. వాళ్ల మిషను పొడవు మన షాపంత ఉంటుంది. వినతిపత్రంలో ముందు ఎక్కేది వాళ్ల బాధే. అమెరికాలో ఇలాంటివాళ్లు 1995 నాటి చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి, ఎవరి తరఫున మాట్లాడారో మూడు నెలలకోసారి చెప్పాలి. ఇక్కడ 2013లో ఒక ఎంపీ లోక్‌సభలో అలాంటి చట్టం కోసమే ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. తలుపు వెనక ఏం మాట్లాడారో తెలియనప్పుడు జనం పైరవీ అనక ఏమంటారు?

పాత కంపోజిటరు, కందుకూరు:
సీసపు అచ్చులు పేర్చిన చేతులు నావి. ప్రెస్సు పెట్టాలంటే 1867 నాటి చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సి వచ్చేది. ఆ తిప్పలు తప్పించిన కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 2024 మార్చి 1న. అప్పటికి మా ఓనరూ పోయారు, ఆ ప్రెస్సూ పోయింది.

ఎన్నికల కరపత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. అచ్చువేసినవారి, వేయించినవారి పేర్లు, చిరునామాలు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మంచి నిబంధనే. కానీ రాత్రి పదకొండింటికి నాయకుడి మనిషి వచ్చి ‘పేర్లు అక్కర్లేదు, వేసెయ్’ అంటే కాదనగల చిన్న ప్రెస్సులు ఎన్ని? ఈ మాట పైన చెప్పే మనిషి కావాలి. అయితే ఆ అమ్మాయి ముందు ఆరు నెలలు మేనమామ ప్రెస్సులో కూర్చోవాలి. రీములో ఎన్ని షీట్లు చెడిపోతాయో చూడకుండా వినతిపత్రం రాస్తే, అదీ చెడిన షీటే.

ట్రంకురోడ్డు ప్రెస్సు, నెల్లూరు:
పెద్దాయనా, దాని వేసవి సెలవులన్నీ ఇక్కడ కౌంటరులోనే గడిచాయి. జీతమిచ్చినవాళ్ల మాటే మాట్లాడతావా అని నేనూ అడిగాను. ‘చిన్న ప్రెస్సుల లెక్కలు నా చేతికొస్తే కదా మామయ్యా పెట్టేది’ అంది. మనం ఎప్పుడైనా ఇచ్చామా అని ఆలోచిస్తున్నాను.

కర్నూలురోడ్డు డిజిటల్, ఒంగోలు:
నా అభిప్రాయం మారలేదు. అయినా వెళ్లేముందు ఒకసారి ఒంగోలు రమ్మనండి. కాగితం బిల్లులు రెండు కట్టలున్నాయి, ఆ సెప్టెంబరుకు ముందువి, తర్వాతివి. జెరాక్సులే ఇస్తాను, అసలువి ఇవ్వను.