సర్కారు నౌకరీ వచ్చేదాకా ఆగమనాలా, దొరికిన పనిలో చేరమనాలా?

కాజీపేట ఊతకర్ర:
అందరికీ నమస్కారం. నాది పోలియో కాలు. ఆదివారాలు హన్మకొండలో, ఉద్యోగం వెతుక్కునే వికలాంగులకు నాకు తెలిసినంత చెబుతుంటాను. ఈ వారం ఒక తమ్ముడి విషయంలో వాళ్లమ్మకూ నాకూ మాట కలవలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అతనికి 27 ఏళ్లు. చూపు బాగా తక్కువ, వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఇప్పుడు ఒక మందుల హోల్‌సేల్ షాపులో ఫోన్ ఆర్డర్లు తీసుకుని బిల్లు కొట్టే పని వచ్చింది, నెలకు 11 వేలు. వాళ్లమ్మ వద్దంటోంది. "నాలుగు శాతం కోటా ఉంది, వయసులో పదేళ్ల సడలింపు ఉంది, తొందరేముంది సార్?" అంటోంది. ఆమె చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే నేను అబ్బాయిని అడిగిన ప్రతిదానికీ ఆమే జవాబు చెప్పింది. అతను చేతిలో ఫోన్ తిప్పుకుంటూ కూర్చున్నాడు.

నేనైతే చేరమనే అంటాను. ఆ పదేళ్ల సడలింపు మంచికే ఇచ్చారు, కానీ మన పిల్లలు దాన్ని నమ్ముకుని గదుల్లోనే ఉండిపోతున్నారు. ముప్పై ఎనిమిదేళ్లకు పరీక్షలు వదిలేస్తే, అప్పుడు చూపించుకోవడానికి ఒక్క నెల పని అనుభవం కూడా ఉండదు. మీరేమంటారు?

సుబేదారి అమ్మ:
అన్నా, ఆ తల్లిని తప్పు పట్టకండి. మా బిడ్డకు చెవులు వినపడవు. తెలిసే తీసుకున్నారు ఒక ఆఫీసులో, పేరు చెప్పను. పొద్దున మీటింగులో ఏం అనుకున్నారో ఎవరూ రెండు ముక్కలు రాసి చూపించేవారు కాదు. సాయంత్రం మాత్రం "చెప్పింది చేయలేదు" అనేవారు. అయిదు నెలలకు మానేసింది. మళ్లీ బయటికి పంపాలంటే నాకే టెన్షన్.

మూడో కౌంటర్:
ఊతకర్ర అన్నా, మీ మాటతో ఏకీభవించను. నేను పూర్తిగా అంధుణ్ని, కరీంనగర్‌లో ప్రభుత్వ బ్యాంకులో క్లర్కుని. సర్కారు ఉద్యోగాల్లో 1995 వికలాంగుల చట్టం ఇచ్చిన 3 శాతం కోటాను 2016 చట్టం 4 శాతం చేసింది. ఏడు రకాల వైకల్యాలు 21 అయ్యాయి. ప్రైవేటులో అలాంటి కోటా లేదు, 5 శాతం మందిని పెట్టుకునేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే ఆ చట్టం చెబుతుంది. మరి గట్టి హక్కు ఉన్నచోటును వదిలి 11 వేలకు పొమ్మనడం ఏం సలహా? నాకు ఉద్యోగం వచ్చేనాటికి 31. పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇచ్చారు, గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇచ్చారు. మధ్యలో ఎవరి మాటో విని ఎక్కడో చేరి ఉంటే చదువు అక్కడే ఆగిపోయేది.

ఒక్కటి ఒప్పుకుంటాను. నాలుగు శాతం అంటే మనకు నాలుగు కాదు. చూపు లేనివారికి ఒకటి, వినికిడికి ఒకటి, కాళ్లూ చేతులకు ఒకటి, ఆటిజం, మానసిక వైకల్యం వంటి వాటికి ఒకటి. వంద పోస్టులకు మన వంతు ఒక్కటి. ఎన్నో పోస్టు ఎవరికో ముందే రాసిపెట్టిన వరసను రోస్టర్ అంటారు. జిల్లాలో ముప్పై పోస్టులే పడితే ఆ వరస మన దాకా రాకపోవచ్చు కూడా. అది తెలిసే ఆగాలి.

కాజీపేట ఊతకర్ర:
తమ్మీ, నువ్వు గెలిచినవాడివి. నీతోపాటు చదివినవాళ్లలో ఇంకా గదిలో ఉన్నవాళ్లెంతమంది?

మూడో కౌంటర్:
ఉన్నారు. కాదనను.

జగిత్యాల ప్రెస్సు:
నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. మాటా వినికిడీ లేని కుర్రాడు ఆరేళ్లుగా ఉన్నాడు. మొదట్లో ప్యాకింగ్‌కే పెట్టాను, మిషన్ మీద పెట్టడానికి భయపడ్డాను. కాగితం ఇరుక్కుంటే బెల్లు మోగుతుంది, అది వినపడదు కదా అని. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బెల్లు వైరుకే ఒక ఎర్ర బల్బు పెట్టించాను. పని అరగంట, ఖర్చు 400. ఆ అరగంట పని నాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ బాధనిపిస్తుంది.

అందుకే "అనువైన పని" అనే మాట వింటే నాకు నచ్చదు. కాలు లేకపోతే కూర్చునే పని, చూపు లేకపోతే ఫోన్ పని అని ముందే గీత గీసేస్తారు. 2021 జనవరిలో కేంద్రం ఇచ్చిన పోస్టుల జాబితాలో ఒక పద్ధతి బాగుంది. ప్రతి పోస్టుకూ కూర్చోవడం, నిలబడటం, నడవడం, చూడటం, వినడం, వీటిలో ఏవి కావాలో విడదీసి రాశారు. షాపులోనూ అలాగే విడదీసి చూడాలి. అన్నా, ఆ అబ్బాయిని సర్టిఫికెట్ చూసి తేల్చకండి. తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. హైదరాబాద్‌లో కేంద్ర కార్మిక శాఖ వాళ్ల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ వికలాంగులకు ప్రత్యేకంగా ఉంది, అక్కడ ఏ పనికి ఎంత సామర్థ్యం ఉందో పరీక్షించి చెబుతారు. కానీ కాజీపేటలో రైలెక్కి వెళ్లే ముందు, ఊళ్లో ఉన్న పనిని ఊళ్లోనే చూడొచ్చు కదా.

సుబేదారి అమ్మ:
ఆ బల్బు సంగతి చదివి మా బిడ్డకు చూపించాను. మీ ప్రెస్సు ఎక్కడ అని అడిగింది.

కాజీపేట ఊతకర్ర:
నిన్న అతనితో షాపుకు వెళ్లాను. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకున్నాడు. తెలియనివారి కోసం చెబుతున్నా, అది తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్, ఆస్ట్రేలియాలో ఒక అంధుడు 2006లో మొదలుపెట్టాడు. ఎఫ్, జె మీటల మీది చిన్న గీతలు వేళ్లతో తడిమి చూసుకుని పని మొదలుపెట్టాడు. షాపు పేరు, మందు పేరు చకచకా కొట్టాడు. బ్యాచ్ నంబరు దగ్గరికి వచ్చేసరికి చెవిలో "బటన్, బటన్" అంటోందే తప్ప ఏ గడిలో ఉన్నాడో చెప్పడం లేదు. వేళ్లు ఆగిపోయాయి. నా గుండె జారింది.

ఓనరు లేచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఫోన్ చేశాడు. ఎన్‌వీడీఏ చదివేలా గడులకు పేర్లు తగిలించడానికి వారం పడుతుందట. అప్పటిదాకా ఫోన్ ఆర్డర్లు చూడమన్నాడు.

మెట్లు దిగాక అబ్బాయి తనంతట తాను మాట్లాడాడు. "అన్నా, పొద్దున అయిదు నుంచి ఎనిమిది దాకా చదువుకుంటా, పది నుంచి షాపుకు వస్తా. పరీక్షలు వదలను. అమ్మకు మీరు చెప్పకండి, నేనే చెబుతా."

మూడో కౌంటర్ తమ్ముడూ, పరీక్షలకు చదవడం గురించి అతనికి నీతో మాట్లాడాలని ఉంది. నంబరు నాకు విడిగా పంపించు.

మూడో కౌంటర్:
పంపాను. రాత్రి తొమ్మిది తర్వాత చేయమనండి. బిల్లింగ్ గడుల సంగతి నాకూ చెప్పండి, మా బ్యాంకులోనూ రెండు అలాంటివే ఉన్నాయి.