లీగల్ ఎయిడ్ లాయరుగా చేరొచ్చా?

ప్రశ్న: గుంటూరు కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌ని. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్‌లో (ఫీజు లేకుండా నిందితుల తరఫున వాదించే లాయర్ల వ్యవస్థ) చేరదామంటే, ప్రాక్టీసు పోతుందని నాన్నగారి టెన్షన్. నిజమేనా అండీ?

జవాబు: నిజమే. 2022 నాటి పథకం ప్రకారం ఇది ఫుల్‌టైమ్, బయటి కేసులు పట్టకూడదు. క్రిమినల్ కేసులే ఉంటాయి.

జవాబు: విజయవాడలో నేను చేసే పని అదే తమ్ముడూ. వాదన కంటే జామీనుదారులను వెతకడమే కష్టం. బెయిలొచ్చినా, పూచీ ఉండేవాళ్లు లేక కూలివాళ్లు జైల్లోనే ఉండిపోతారు. వాళ్ల ఊరికి ఫోన్ చేసి, బావమరిదినో మేస్త్రీనో బతిమాలి కోర్టుకు రప్పించాలి. పైగా ‘ఫ్రీ లాయరు ఏం వాదిస్తాడులే’ అని క్లయింటే అంటాడు!

ప్రశ్న అడిగినవారు: మరి జీతం?

జవాబు: మీ సీనియర్ ఇచ్చే పెట్రోలు డబ్బుల కంటే నయమే.

ఇంకొకరు: కస్టడీలో ఉన్నవాళ్లకు ఈ ఉచిత సాయానికి ఆదాయ పరిమితి లేదు, 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 చూడండి. కుటుంబాలకు లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100 నంబరు చెప్పండి.